పాత కంప్యూటరునకు క్రొత్త ప్రాసెసరు: మార్చుట లాభమా?

చార్మినారును చూడవచ్చిన పరదేశులు లాడ్ బజారు గాజులను చూచి మరలిపోవుదురే గాని, అచ్చటికి అనతిదూరమున నున్న ఛత్తా బజారును సాధారణముగా చూడరు. పాతబస్తీ వాసులకు మాత్రము ఆ పేరు మిక్కిలి పరిచితము. ఇంట పెండ్లి నిశ్చయమైన వారు శుభలేఖల కొఱకు తఱచుగా పోవునది ఆ వీథికే. ఒకప్పుడు అచ్చటి కాతిబులు కలము చేతబట్టి నస్తలీఖు లిపిలో నొక్కొక్క యక్షరమును ముత్యమువలె వ్రాయుచుండిరి. 1981వ సంవత్సర ప్రాంతమున నూరీ నస్తలీఖు అను యంత్రలిపి సిద్ధమయ్యెను. 1994లో ఇన్‌పేజ్ అను ప్రోగ్రాము వచ్చెను. పిదప కాతిబుల పీటలున్న చోట్లను కంప్యూటరులు క్రమముగా ఆక్రమించినవి. తెలుగు శుభలేఖలు సైతము పేజ్‌మేకరు ప్రోగ్రామునందు అను లిపులతో కూర్చబడుట పరిపాటి యైనది.

2024వ సంవత్సరపు వేసవి ఆరంభమున, రంజాను మాసము గడచి షవ్వాలు నెల ప్రవేశించుటకు ముందు, ఆ వీథిలో చిన్న దుకాణము నడుపుకొను నొక గృహస్థుడు నా యొద్దకు వచ్చెను. ఆయన కుమారుడు నా విద్యార్థి. షవ్వాలులో వివాహములు విస్తారముగా జరుగును గనుక ఆ దినములలో ఆయనకు ఊపిరి సలుపని పని. ఆయన యిట్లనెను: "అయ్యా, నా కంప్యూటరు ముసలిదైనది. ఒక కార్డు తెఱచునప్పటికి టీ త్రాగి రావచ్చును. ప్రాసెసరు మార్చినచో పరుగెత్తునని వర్తకుడు చెప్పుచున్నాడు. పదివేల రూపాయలు కావలెనట. ఆ పదివేలు మా అమ్మాయి కాలేజీ ఫీజునకై దాచినవి. ఏమి చేయమందురు?"

ఈ ప్రశ్న ఆయన యొక్కనిదే కాదు. కంప్యూటరు గల ప్రతి గృహమునందును, దుకాణమునందును ఎప్పుడో యొకప్పుడు పుట్టునదే. కావున దీనికి సమాధానము కనుగొను విధమును మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును సాధ్యమైనంత సులభముగా వివరింప దలచితిని.

ప్రాసెసరు అననేమి?

కంప్యూటరు పెట్టెలో మదరుబోర్డు అను పెద్ద పలక యుండును. దాని మధ్య, పంకా క్రింద దాగియుండు చదరపు బిళ్లయే ప్రాసెసరు. కూడుట, తీసివేయుట, పోల్చుట మొదలగు లెక్కలన్నియు ముఖ్యముగా దాని పనియే. 1971లో ఇంటెల్ కంపెనీవారు అమ్మకమునకు తెచ్చిన 4004 అను ప్రాసెసరులో సుమారు 2,300 ట్రాన్సిస్టరు లుండెను. నేటి ప్రాసెసరులలో అవి వందల కోట్లకు మించియున్నవి. ఇంతటి యభివృద్ధిని విన్నవారికి, ప్రాసెసరు క్రొత్తదైన కంప్యూటరంతయు క్రొత్తదగునను భ్రమ కలుగుట సహజము.

కాని ప్రాసెసరు ఒంటరిగా పనిచేయదు. వివరములను శాశ్వతముగా దాచునది డిస్కు. పని జరుగుచుండగా వానిని చేతికందునట్లు పఱచియుంచునది ర్యాము అను మెమరీ. డిస్కును ధాన్యపు కొట్టుగదితోను, ర్యామును వంటయింటి గట్టుతోను, ప్రాసెసరును వంటవానితోను పోల్చవచ్చును. గట్టు ఇఱుకైనచో వంటవాడు మాటిమాటికి కొట్టుగదికి పోవలసి వచ్చును. అట్టి యింట ఇంకను నేర్పరియైన వంటవానిని నియమించిన నేమి ఫలము? అతడును కొట్టుగది వాకిట నిలువబడవలసినదే గదా!

ఆలస్యమునకు కారణ మెవ్వరు?

ఒక అచ్చుకూటమును తలచుకొనుడు. ఒక పుస్తకమునకు అక్షరములు కూర్చుటకు 2 దినములు, అచ్చువేయుటకు 2 దినములు, కుట్టి అట్టవేయుటకు 6 దినములు పట్టునని యనుకొందము. మొత్తము 10 దినములు. యజమాని అధికధనము వెచ్చించి రెట్టింపు వేగము గల క్రొత్త అచ్చుయంత్రమును తెచ్చెను. అచ్చు 1 దినములో ముగిసెను. పుస్తక మెప్పుడు చేతికి వచ్చును? 9 దినములకు. యంత్రము వేగము రెట్టింపైనను, పనికి పట్టు కాలము పదింట నొకవంతు మాత్రమే తగ్గినది. యంత్రము క్షణములో అచ్చువేయునదైనను, 8 దినములకు ముందు పుస్తకము రాదు.

ఈ సూత్రమును కంప్యూటరులకు అన్వయించి 1967లో విశదీకరించినవాడు జీన్ ఆమ్‌డాల్ అను అమెరికా దేశీయుడు. ఐ.బి.యం. వారి సిస్టం 360 అను ప్రసిద్ధ కంప్యూటరుల నిర్మాణమున ప్రధానశిల్పి ఆయనయే. ఒక పనిలో ఏ భాగమును త్వరపఱచితిమో ఆ భాగము మొత్తములో నెంతయో, లాభము దానిని మించజాలదని యీ సూత్రపు సారము. కావున మొదటి ప్రశ్న "ఏ ప్రాసెసరు కొందును?" అనునది కాదు. "నన్ను వేచియుండునట్లు చేయుచున్న దెవ్వరు?" అనునదియే మొదటి ప్రశ్న.

పరీక్షించు విధము

దీనికి ధనము అక్కఱలేదు. విండోస్‌లో టాస్క్ మేనేజరు అను పరిశీలనాపత్ర మొకటి కలదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒకమాఱు నొక్కిన నది తెఱచుకొనును. అందు సి.పి.యు. అనునది ప్రాసెసరు, తక్కినవి మెమరీ, డిస్కు. ఏది ఎంతవఱకు పనిలో మునిగియున్నదో నూటికి ఇంతయని కనబడును. నిత్యము చేయు పనినే చేయుచు, కంప్యూటరు నిలిచిపోయి మనలను వేచియుండజేసిన ప్రతిమాఱును ఈ మూడింటిని చూడవలెను.

డిస్కు నూటికి నూఱు చూపుచు ప్రాసెసరు నూటికి పదియో యిరువదియో చూపిన యెడల, దోషము ప్రాసెసరుది కాదు. మెమరీ నూటికి తొంబదికి మించిన, గట్టు ఇఱుకైనదని గ్రహింపవలెను. ప్రాసెసరు నూటికి నూఱు చూపుచు తక్కినవి తీరికగా నుండిన యెడల మాత్రమే దానిని అనుమానింపవలెను.

ఇందొక మోసము కలదు. నేటి ప్రాసెసరులో కోరులని పిలువబడు పనివాండ్రు పలువు రుందురు. పని నలుగురికి పంచదగియున్నను, కొన్ని పాత ప్రోగ్రాములు ఒక్కనిచేతనే చేయించును. అప్పుడు ఒకడు చెమటోడ్చుచుండ ముగ్గురు ఊరక కూర్చుందురు. పత్రము నూటికి 25 అని చూపును. చూచినవాడు ప్రాసెసరునకు పనియే లేదని పొరపడును. పేజ్‌మేకరు కడపటి రూపము 2001లో వెలువడినది. అట్టి పాత ప్రోగ్రాములకు పనివాండ్ర సంఖ్యను పెంచుట వలన ప్రయోజనము లేదు. ఒక్కొక్క పనివాని వేగమే వానికి ప్రధానము.

ఛత్తా బజారు దుకాణమున

ఆ గృహస్థునితో నేను దుకాణమునకు పోతిని. ఆయన కంప్యూటరులో 2017వ సంవత్సరపు ఇంటెల్ ఐ3-7100 ప్రాసెసరు, 4 జీబీల ర్యాము, తిరుగు డిస్కు ఉండెను. వర్తకుడు చెప్పినది అదే తరమునకు చెందిన ఐ7-7700, అదియును ఒకరు వాడి విడిచినది. మా విద్యార్థిని గడియారముతోను, పెన్సిలుతోను తండ్రి ప్రక్కన కూర్చుండబెట్టి, ఒక గంట కాలమున ఏ యే నిమిషములు ఎట్లు గడచెనో వ్రాయుమంటిని.

బాలుడు శ్రద్ధతో వ్రాసెను. 60 నిమిషములలో తండ్రి చేతితో పనిచేసినవి 34. వేచియుండినవి 26. ఆ యిరువదియాఱింటిలో డిస్కు నూటికి నూఱు చూపుచుండగా గడచినవి 18. ప్రాసెసరు వలన గడచినవి 8 మాత్రమే. ఆ 8లో అధికభాగము పాత ప్రోగ్రాములదే. కొనువారు వాట్సాప్ ద్వారా పంపు చిత్రములను తెఱచుటకు బ్రౌజరు, చిత్రములను సవరించుటకు ఫోటోషాప్, అక్షరములు కూర్చుటకు ఇన్‌పేజ్, ఇవన్నియు ఒక్కమాఱుగా 4 జీబీలలో ఇఱుకుకొనజాలక మాటిమాటికి డిస్కునకు పరుగిడుచుండెను.

డిస్కు ఏల అంత మందమో లెక్కించి చూడుడు. డెస్కుటాప్ కంప్యూటరులలో సామాన్యముగా నుండు తిరుగు డిస్కు నిమిషమునకు 7,200 చుట్లు తిరుగును. అనగా సెకనుకు 120. ఒక చుట్టునకు సెకనులో వేయింట సుమారు 8 వంతులు. కావలసిన చోటు సూదిముల్లు క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు వేచియుండవలెను. ముల్లు ఒకచోటినుండి మఱియొకచోటికి జరుగుటకు పట్టు కాలము దీనికి అదనము. కావున చెదరియున్న వివరములను అది సెకనుకు వందచోట్ల ప్రాంతమున మాత్రమే వెదకగలదు. ఎస్.ఎస్.డి. అను క్రొత్త విధపు డిస్కులో తిరుగునది యేదియు లేదు. అది సెకనుకు వేలకొలది చోట్లనుండి వివరములను తేగలదు.

ఇక వర్తకుడు చెప్పిన ప్రాసెసరు సంగతి. పాత ఐ3 వేగము 3.9 గిగాహెర్ట్జులు. ఐ7-7700 అత్యధిక వేగము 4.2. తరము ఒక్కటియే యగుటచే ఒక్కొక్క పనివాని వేగములో భేదము నూటికి సుమారు 8 మాత్రమే. క్రొత్తదానిలో పనివాండ్రు రెట్టింపు గలరు గాని, వారికి పని చెప్పు ప్రోగ్రాములు ఆ దుకాణమున స్వల్పము. కావున 8 నిమిషముల నిరీక్షణలో తగ్గునది అరనిమిషము కొంచె మెక్కువ.

రూపాయల లెక్క

విద్యార్థులారా! ఇచ్చట త్రైరాశికము ఉపయోగపడును. దినమునకు 8 గంటల పని, సీజనులో 25 దినములు అనుకొందము. ప్రాసెసరు మార్చినచో గంటకు అరనిమిషము కొంచె మెక్కువ చొప్పున దినమునకు 5 నిమిషములు కూడ మిగులవు. 25 దినములకు మిగులునది 2 గంటలకు లోపు. దానికి వెల 10,000 రూపాయలు. అనగా ఒక్కొక్క గంటను 5,000 రూపాయలకు పైబడి కొన్నట్లు.

దీనికి బదులు 8 జీబీల ర్యామును చేర్చి, తిరుగు డిస్కునకు మాఱుగా ఎస్.ఎస్.డి.ని అమర్చుటకు ఆ దినముల ధరల ప్రకారము ఆయనకైనది సుమారు 4,500 రూపాయలు. మార్చిన పిదప బాలుడు మరల ఒక గంట లెక్క వ్రాసెను. 26 నిమిషముల నిరీక్షణ 11కు తగ్గెను. గంటకు 15 నిమిషముల చొప్పున దినమునకు 2 గంటలు, 25 దినములకు 50 గంటలు మిగిలినవి. గంట వెల 90 రూపాయలు. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన చూచినవారికి వేఱు బోధ అక్కఱలేదు.

మఱియొక సంగతి. పెట్టె తెఱచినప్పుడు పంకాలో దుమ్ము దూదివలె పేరుకొని యుండెను. మన నగరమున వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట కలదు. ప్రాసెసరు వేడి సుమారు 100 డిగ్రీలను సమీపించినచో, మాడిపోకుండుటకై అది తనంతట తానే వేగమును తగ్గించుకొనును. అట్టి ప్రాసెసరును చూచి ముసలిదైనదని నిందించుట అన్యాయము. కరెంటు తీసివేసి, మెత్తని కుంచెతో దుమ్ము దులుపుటయు, ఎండిపోయిన చోట పంకా క్రింది లేపమును మరల పూయుటయు అన్నిటికంటె మొదట చేయదగిన పని.

మార్చుట ఎప్పుడు తగును?

ఇంతవఱకు చదివినవారు ప్రాసెసరు మార్చుట ఎల్లప్పుడును దండుగ యని తలపరాదు. తగిన సందర్భములు కలవు. పెండ్లి వీడియోలను కూర్చు నొకని విషయము చూడుడు. రాత్రి పని అప్పగించి నిద్రించిన తెల్లవాఱువఱకు అతని కంప్యూటరు నూటికి నూఱు శ్రమపడుచుండెను. డిస్కు తీరికగా నున్నది. మెమరీ చాలినంత యున్నది. ప్రోగ్రాము పనివాండ్రందఱిని పనిలో పెట్టుచున్నది. అచ్చట దోషము నిజముగా ప్రాసెసరుదే.

అతని అదృష్టవశమున మదరుబోర్డు ఎ.యం.డి. వారి ఎ.యం.4 అమరికకు చెందినది. ఆ అమరికగల అనేక బోర్డులు, బయాస్ అను అంతర్గత ప్రోగ్రామును నవీకరించిన పిదప, కొన్ని యేండ్ల తరువాత వచ్చిన ప్రాసెసరులను సైతము స్వీకరించును. 2017 నాటి నాలుగు కోరుల రైజెన్ 3 1200ను తీసి, 2022 నాటి ఆఱు కోరుల రైజెన్ 5 5600ను అతడు అమర్చెను. తక్కిన సామగ్రి యంతయు పాతదే. అట్టిచోట మార్పు ధనమునకు తగిన ఫలమిచ్చును. అయితే బయాస్ నవీకరణము పాత ప్రాసెసరు ఉండగనే చేయవలెను. దానిని తీసివేసిన పిదప క్రొత్తదానిని బోర్డు గుర్తింపకపోవచ్చును.

ఇంటెల్ వారి అమరికలలో జాగ్రత్త మఱింత అవసరము. ఆఱవ, ఏడవ తరముల ప్రాసెసరులకును, ఎనిమిదవ, తొమ్మిదవ తరములవానికిని అమరిక పేరు 1151 అనియే యున్నను, ఒకదాని బోర్డు మఱియొకదానికి సరిపడదు. పేరు చూచి కొన్నవారు నష్టపోవుదురు. సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయినను, కోఠీకి పోయినను, మన బోర్డు పేరు కాగితముపై వ్రాసికొని, ఆ బోర్డు కంపెనీవారు ప్రకటించిన ప్రాసెసరుల పట్టికతో సరిచూచుకొనిన పిమ్మటనే డబ్బు చెల్లింపవలెను. ప్రాసెసరుతో బాటు బోర్డును, ర్యామును కూడ మార్చవలసి వచ్చినచో అది ప్రాసెసరు మార్పు కాదు. దాదాపు క్రొత్త కంప్యూటరు కొనుటయే. లెక్కయు అట్లే వేయవలెను.

విండోస్ సంగతి

వర్తకుని సలహాను మేము త్రోసిపుచ్చుటకు మఱియొక కారణము కలదు. విండోస్ 10కు సాధారణముగా నొసగు భద్రతా నవీకరణములు 2025 అక్టోబరు 14తో ముగియునని మైక్రోసాఫ్ట్ వారు అప్పటికే ప్రకటించియుండిరి. విండోస్ 11 పట్టికలో ఇంటెల్ ప్రాసెసరులు స్వల్ప మినహాయింపుతో ఎనిమిదవ తరమునుండియే కలవు. ఐ7-7700 ఏడవ తరముది. పదివేలు పోసి కొన్నను, ఏడాదిన్నరలో ఆ కంప్యూటరు మరల అదే గడప యొద్ద నిలువవలసియుండెను.

నేను చెప్పినట్లే గడువు వచ్చెను. 2025లో ఆ గృహస్థుడు మరల నా యొద్దకు వచ్చెను. ఈమాఱు బోర్డును, ప్రాసెసరును నిజముగనే మార్చవలసి వచ్చినది. కాని యిదివఱకు కొన్న ఎస్.ఎస్.డి.యు, ర్యామును వ్యర్థము కాలేదు. అదే విధపు ర్యామును స్వీకరించు బోర్డు నేరుకొనుటచే, ఆ రెండును క్రొత్త పెట్టెలోనికి ప్రవేశించి నేటికిని సేవ చేయుచున్నవి. మొదట ఐ7 కొనియుండినచో, ఆ పదివేలు పాత బోర్డుతోనే మూలబడియుండెడివి. వెంట వచ్చు వస్తువును కొనుటకును, వెనుక నిలిచిపోవు వస్తువును కొనుటకును గల భేదమిది.

ముగింపు

చదువరులు జ్ఞప్తియందుంచుకొనదగిన క్రమమిది. మొదట దుమ్ము దులుపుము. పిదప గడియారము చేతబట్టి, వేచియుండు నిమిషములను వ్రాయుము. మెమరీ చాలకున్న దానిని పెంచుము. డిస్కు మందమైన దానిని మార్చుము. అప్పటికిని ప్రాసెసరే ఆలస్యమునకు కారణమని తేలినచో, అదే బోర్డులో ఇముడునది, వేగములో స్పష్టమైన భేదము గలది దొరకునేమో చూడుము. దొరకినను, మిగులు గంటల వెలను లెక్కించిన పిమ్మటనే డబ్బుసంచి విప్పుము.

వర్తకుడు అబద్ధమాడెనని నేననను. ఐ7 ప్రాసెసరు ఐ3 కంటె శక్తిమంతమైనదే. కాని ఆయన చెప్పినది వస్తువు గుణము. మనకు కావలసినది మన పనికి దానివలన కలుగు లాభము. ఈ రెండింటికిని గల దూరమును కొలిచినది ఒక బాలుని పెన్సిలు, అరఠావు కాగితము. 2024 జూను మాసమున ఆ యింటి యమ్మాయి కాలేజీ ఫీజు గడువులోపలనే చెల్లింపబడెను. ఆ రసీదును తండ్రి నాకు చూపిన దినమున, మన గణిత పాఠములు వ్యర్థము కావని నాకు మఱింత నమ్మకము కుదిరినది.